పద్నాలుగో వాల్వు

మల్కాపురం,
6-3-1982

పూజ్యులైన పెదనాన్న గారికి,

మీ దేవకుమారి వందనాలు. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ మీరూ, మీరు నడిపే ఆసుపత్రి పంపూ క్షేమమని తలుస్తాను.

ఈ ఉత్తరం శేఖరం అన్నయ్య పని మీద రాస్తున్నాను. అయినా ఎత్తుకోవడమే పనితో ఎత్తుకుంటే ఉత్తరం నోటీసులా ఉంటుందని మా కాలేజీ తెలుగు మాస్టారు చెప్పారు. అందుకని ముందు విశేషాలు.

మీరు రిటైరై సాలూరు వెళ్ళిన ఈ తొమ్మిది నెలల్లో మన నీళ్ళ సెక్షన్ ఆఫీసు మీరు గుర్తుపట్టలేనంత మారింది. కొత్త అసిస్టెంట్ ఇంజినీరు త్రినాథరావు గారు పాలకొల్లు వైపు వారు. వచ్చిన వారానికే ఆఫీసు కిటికీకి ఫిర్యాదుల పుస్తకం కట్టించారు. దానికి దారంతో ఒక పెన్సిలు కట్టించారు. అందులో మొదటి ఫిర్యాదు పెన్సిలు పోయిందని. అది ఏ పెన్సిలుతో రాశారో ఇంకా తేలలేదు. ఫిర్యాదు చేయడానికి వచ్చేవారు కూర్చోవడానికి సిమెంటు బల్ల వేయించారు. రెండో ఫిర్యాదు ఆ బల్ల ఎండలో ఉందని. వీధి వీధికీ నీళ్ళు వచ్చే వేళలు రాసిన బోర్డులు పెట్టారు. మన మెరక వీధి బోర్డు విమలమ్మ గారి ఇంటి నుంచి చర్చి వైపు కాస్త ముందుకు, కాలువ గట్టు మీద, మోకాలెత్తు సిమెంటు దిమ్మలో నిలబెట్టారు. "ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకు" అని ఎర్ర రంగుతో ఉంది. ఆ రెండు గంటలూ అందరూ బిందెలు పెట్టుకుని బోర్డు చదువుతున్నారు. నీళ్ళు మాత్రం దారంలా వస్తున్నాయి.

ఇంకో విశేషం. సెక్షన్ చేస్తున్న పనుల గురించి నెలకొక కాగితం తెలుగులో వెయ్యాలని ఇంజినీరు గారు అన్నారు. అన్నయ్య అర్జీలో నా దస్తూరి చూసి ఆ పని నాకిచ్చారు. "అమ్మాయ్, కాస్త బరువైన మాటలు పడాలండి" అన్నారు. నాకు ఎంతమాత్రం ఇబ్బంది కలగలేదు.

ఇక అసలు పని. మీ స్థానంలో అన్నయ్య రోజుకూలీ మస్టరు మీదే ఉన్నాడని మీకు తెలుసు. మే నెలాఖరులోగా సెక్షన్‌లో ఉన్న పద్నాలుగు వాల్వులూ ఎక్కడెక్కడ ఉన్నాయో పటం గీసి ఇస్తే అతని పేరు పర్మనెంటుకు పంపుతామన్నారు. లేకపోతే జూన్‌లో ఆ చోటికి వేరే సెక్షన్ మనిషి వస్తాడు. పదమూడు దొరికాయి. మన వీధిది దొరకలేదు. మీరు వెళ్ళిన రెండు నెలలకు లారీల కోసం రోడ్డును కాలువ గట్టు దాకా వెడల్పు చేసి తారు పోశారు. అన్నయ్య పనిలో చేరేసరికే మూత తారు కింద పడిపోయింది. జూన్ ఒకటిన కొత్త ట్యాంకు నుంచి నీళ్ళు వదులుతారు. ఆ వాల్వు పూర్తిగా తెరవకపోతే నీళ్ళన్నీ పల్లానికి పోయి, మెరక వీధికి ఇప్పుడొచ్చే దారం కూడా రాదట. రోడ్డు సెక్షన్ వాళ్ళు మూడు గుంతలకు మాత్రం అనుమతి ఇచ్చారు. కాబట్టి ఆ వాల్వు చోటు మీరు కచ్చితంగా రాసి పంపాలి.

మరిచాను. వాల్వు తిప్పడానికి తేలికైన కొత్త తాళాలు వచ్చాయి. రెండు ముక్కలుగా విప్పి సైకిలుకు కట్టుకోవచ్చు. మీ పాత తాళం, అదే ఆ మనిషెత్తు ఇనప రాడ్డు, ఇంట్లోనే ఉంది. అమ్మ దాన్ని దండేనికి పోటు పెట్టింది.

ఇట్లు,
మీ విధేయురాలైన కూతురు
దేవకుమారి


సాలూరు,
13-3-82

అమ్మా దేవకుమారీ,

నీ ఉత్తరం అందింది. దీవెనలు. మూడుసార్లు సదివాను. మొదటిసారి ఎవులో ఆఫీసరు రాసేడనుకున్నాను. రెండోసారి మనింటి ఉత్తరమే అని తెలిసింది. మూడోసారికి ఇషయం తెలిసింది.

నాను మాటాడినట్టే రాత్తాను. నా సేతికి ఇంకో భాష రాదు.

ఇక్కడ పంపు బాగుంది. ఆపరేసన్లు ఉన్న రోజుల్లో తెల్లారి నాలుక్కి ట్యాంకు నింపాలి. నాను ఒక్కణ్ణే ఉన్నాను కాబట్టి కదల్డానికి లేదు. ఇక్కడ డాక్టరమ్మ కూడా ఒక పుస్తకం కట్టించింది. దానికి పెన్సిలు కట్టలేదు. తెలివైన మనిషి.

పద్నాలుగోది సెప్తన్నాను, రాసుకో. తాళం ఎత్తుకుని ఇమలమ్మ అరుగు మూల కాడ నించి చర్చీ వైపు కాలవ గట్టు ఎంట ఇరవై రెండు అంగలు. ఇరవై రెండో అంగ కాడ కాలి కింద మూత ఉంటాది. ఇరవై ఆరేళ్ళు రోజూ ఏసిన అంగలు. నిద్దట్లో లేపి అడిగినా ఇదే సెప్తాను.

కొత్త తాళం తేలికంటన్నావు. తాళం తేలికైతే వాల్వు తిరగదమ్మా, తాళమే తిరుగుద్ది. శేఖరానికి సెప్పు. ఆ పాతది హార్బరు కాడ అప్పలసూరి కొలిమిలో నా ఎత్తుకి కొట్టించుకున్నాను. దాన్ని దండేనికి పోటు పెట్టేరా. మీయమ్మకి వెదురు కర్ర దొరకలేదా. తాళం జాగర్త. ఎక్కడుందో మళ్ళీ రాయి.

మీ పెదనాన్న
యేసుదానం


మల్కాపురం,
3-4-1982

పూజ్యులైన పెదనాన్న గారికి,

వందనాలు. మీ ఉత్తరం అందిన రోజే పని మొదలుపెట్టాం. మీరు రాసిన వాక్యం ఇంజినీరు గారికి యథాతథంగా ఇవ్వడం బాగుండదని నేను శుభ్రంగా తిరగరాశాను. తీసేసినా వాక్యం నిలబడగలిగితే ఆ మాట అదనపు మాట అని మా మాస్టారు అంటారు. నాకు ఆ సూత్రం చాలా నచ్చింది. మీ వాక్యంలోంచి కూడా ఒకటి రెండు మాటలు తీశాను. ఇప్పుడది ఇలా ఉంది: "విమలమ్మ గారి అరుగు మూల నుండి చర్చి దిశగా, కాలువ గట్టు వెంబడి, ఇరవై రెండు అంగలు." ఇంజినీరు గారు చదివి, "ఇదండీ రాతంటే" అన్నారు.

శనివారం ఉదయం అన్నయ్య చేతులు వెనక్కి కట్టుకుని అంగలు వేశాడు. ఇంజినీరు గారు పక్కన నడుస్తూ లెక్కపెట్టారు. ఫిట్టరు కన్నబాబు గునపం పట్టుకుని వెనక నడిచాడు. విమలమ్మ గారు అరుగు మీద కూర్చుని, "ఏటి బాబూ, పెళ్ళికొడుకుని నడిపిస్తన్నట్టు నడిపిస్తన్నారు? బేండు మేళం ఏదీ?" అని అడిగింది.

ఇరవై రెండో అంగ దగ్గర నడుం లోతు తవ్వారు. ఆల్చిప్పలు, ఒక కుండ పెంకు, రబ్బరు చెప్పు దొరికాయి. వాల్వు దొరకలేదు. గుంత పూడ్చేశారు. ఈ నెల కాగితంలో "మెరక వీధిలో అన్వేషణ పురోగమించుచున్నది" అని రాశాను.

మీరు తాళం గురించి మళ్ళీ మళ్ళీ అడగడం చదివి నా మనసు కరిగింది. ఇరవై ఆరేళ్ళు భుజాన మోసిన వస్తువు మీద మమకారం ఉండడం సహజం. అందుకని ఆర్టీసీ బస్సులో మీకు పార్సిలు చేయించాను. తూకం పన్నెండు కిలోలు వచ్చింది. పార్సిలు గుమాస్తా అందులో ఏముందో రాయమంటే "జ్ఞాపకం" అని రాశాను. అతను కొట్టేసి "ఇనుము" అని రాశాడు.

ఇట్లు,
మీ దేవకుమారి


సాలూరు,
10-4-82

అమ్మా దేవకుమారీ,

దీవెనలు. ఇనుము చేరింది.

నాను తాళం జాగర్త అన్నాను. పంపించీమనలేదు. ఇంట్లో దానికి చోటు లేదేమో అనుకున్నాను. పోన్లే. ఇక్కడ పంపు షెడ్డులో మూలన నిలబెట్టేను. ఆసుపత్రి ఆయా నాగమణి వచ్చి, "ఏటి తాతా, ఎవుల్ని కొడతావు దీంతోటి?" అనడిగింది. మల్కాపురంలో ఒక ఇంజినీరు ఉన్నాడని సెప్పేను.

నువ్వు రాసిన వాక్యం సదివేను. నా దానికంటే నున్నగా ఉంది. తప్పేటీ కనపడలేదు. మరి వాల్వు ఎందుకు లేదు? వాల్వుకి కాళ్ళు లేవు. కాళ్ళున్నది శేఖరానికి. ఆడు తాటిసెట్టులాగ ఎదిగేడు, నాను పొట్టోణ్ణి. ఆడి అంగ పెద్దది. పందొమ్మిది ఎయ్యమను. సరిపోద్ది.

కబుర్లన్నీ ఆఫీసు గురించే రాత్తన్నావు. శేఖరం ఏటంటన్నాడు? ఆడు ఒక్క ముక్క రాయడేటి?

మీ పెదనాన్న
యేసుదానం


మల్కాపురం,
26-4-1982

పూజ్యులైన పెదనాన్న గారికి,

వందనాలు. ఈసారి విశేషాలు ముందు రాయడం లేదు.

మీరు చెప్పినట్టు అన్నయ్య పందొమ్మిది అంగలు వేశాడు. రెండో గుంత తవ్వారు. ఇసక వచ్చింది, తర్వాత ఉప్పునీళ్ళు ఊరాయి. వాల్వు లేదు. అప్పుడు ఇంజినీరు గారు కాగితం మీద లెక్క కట్టారు. మొదటి గుంత మీరు చెప్పిన కొలత ప్రకారం, రెండోది కూడా మీరు చెప్పిన కొలత ప్రకారం. రెండూ ఒకే మనిషి చెప్పినవి కాబట్టి నిజం ఆ రెంటికీ సరిగ్గా మధ్యలో ఉంటుందన్నారు. మూడో గుంత మధ్యలో తవ్వారు. కన్నబాబు, "రెండు తప్పులకి నడుమ ఇంకో తప్పే ఉంటాది బావా" అని అన్నయ్య చెవిలో అన్నాడు. గునపం వేసిన తర్వాత అన్నాడు.

అనుమతి ఉన్న మూడు గుంతలూ అయిపోయాయి. రోడ్డు సెక్షన్ నుంచి ఒకాయన వచ్చి మూడింటినీ లెక్కపెట్టుకుని సంతకం చేసి వెళ్ళాడు. నాలుగో గుంత అడిగితే వచ్చే సంవత్సరం అడగమన్నాడు.

అన్నయ్య ఏమంటున్నాడని అడిగారు. ఏమీ అనడం లేదు. నిన్న ఫిషింగ్ హార్బర్‌లో ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళి పని ఉందా అని అడిగి వచ్చాడట. నాకు చెప్పలేదు, బట్టలు తడిసి ఉంటే అమ్మ అడిగింది. ఎవరూ చెప్పకుండానే ఇప్పటికీ తెల్లవారి లేచి, మూత ఉందనుకున్న చోట కాసేపు నిలబడి వస్తున్నాడు.

ఇంజినీరు గారు నన్ను పిలిచి, "మీ పెదనాన్న గారికి వయసెంతండి? జ్ఞాపకం బాగానే ఉంటుందా?" అని అడిగారు. బాగానే ఉంటుందని చెప్పాను. తర్వాత నాకే అనుమానం వచ్చింది. పెదనాన్నా, తప్పుగా అనుకోకండి. మీరు నిజంగా ఇరవై రెండే వేసేవారా?

మే నెల కాగితానికి నాకు మాటలు దొరకడం లేదు.

ఇట్లు,
దేవకుమారి


సాలూరు,
4-5-82

దేవకుమారీ,

నీ ఉత్తరం సదివి రెండు రోజులు ఊరుకున్నాను. ఇరవై ఆరేళ్ళు ఎవులూ నన్ను ఆ మాట అడగలేదు. తరవాత నాకూ అనుమానం వచ్చింది. మనిషన్నాక ఎవులికైనా వత్తాది.

మొన్న ఆదివారం ప్రార్ధన అయ్యాక ఆసుపత్రి ఆవరణలో అంగలేసి సూసేను. ఇరవై రెండు ఏసేసరికి మందుల గది దాటిపోయేను. మన ఈధిలో అంత దూరం పోతే మూత కనపడదు, పాస్టరు గారి గుమ్మం కనపడతాది. నిజంగానే మర్సిపోయేనేమో అనుకున్నాను.

షెడ్డులోకి వచ్చి కూకున్నాను. ఎదరగా తాళం ఉంది. ఊరికే భుజాన ఏసుకున్నాను. మళ్ళీ మొదట్నించి నడిసేను. ఇరవై రెండుకి మందుల గది ఇంకా రానే లేదు. నుయ్యి కాడికే ఆగిపోయేను. నాగమణి సూసి నవ్వింది. "తాతా, బరువెత్తుకుంటే బాతులాగ నడుస్తన్నావు" అంది. అప్పుడు తెలిసింది.

నాను తాళం లేకుండా ఏనాడూ ఆ వాల్వు కాడికి నడవలేదమ్మా. తాళం లేకుండా వాల్వు కాడికి పోయి ఏటి సేత్తాం? ఆ బరువుకి అంగ కురసవుద్ది. శేఖరం తాళం ఎత్తుకున్నాడా? సేతులెనక్కి కట్టుకుని నడిసేడని నువ్వే రాసేవు. నాను రాసేను తాళం ఎత్తుకుని అని. నా ఉత్తరం తీసి సూడు.

నుయ్యి చేదతాడు కొత్తది తెప్పించి, తాళం ఎత్తుకుని ఏసిన ఇరవై రెండు అంగల పొడుగుకి కోసేను. రెండు కొసలూ ముడేసేను. ఇంకో పార్సిల్లో పంపుతున్నాను. ఒక ముడి ఇమలమ్మ అరుగు మూల పెట్టండి. రెండో ముడి కాడ వాల్వు ఉంటాది. తాడు తడపకండి. తడిస్తే కురసవుద్ది, మళ్ళీ నన్ను అంటారు.

యేసుదానం


మల్కాపురం,
25-5-1982

పెదనాన్నా,

వందనాలు. మీ మొదటి ఉత్తరం తీసి చూశాను. "తాళం ఎత్తుకుని" అని మీరు మొదటే రాశారు. ఆ రెండు మాటలు తీసింది నేను. తీసినా వాక్యం నిలబడింది కదా అనుకున్నాను. వాక్యం నిలబడింది, మూడు గుంతలు పడ్డాయి. అన్నయ్యకు అదే రోజు చెప్పాను. అతను కోప్పడితే బాగుండేది. "ఆ మాట ఉన్నా సరే, నాను తాళం లేకుండానే నడిసేవోణ్ణేమో" అన్నాడు. అది నాకోసం అన్న మాట.

తాడు పదిహేనో తారీఖున అందింది. ఆఫీసులో దానికి ఇన్‌వర్డు నంబరు వేసి, కాగితం చీటీ కట్టారు. ఇంజినీరు గారు టేపుతో కొలుద్దామన్నారు. అన్నయ్య ఆయన ముందు మొదటిసారి నోరు విప్పి, "టేపొద్దు సార్. పెదనాన్న తాడే పరుద్దాం" అన్నాడు. మరుసటి రోజు ఉదయం మబ్బు పట్టింది. తాడు తడవకుండా కన్నబాబు గొడుగు పట్టాడు. గొడుగు కింద తాడు ఉంది, మేమంతా బయట ఉన్నాం.

విమలమ్మ గారు మొదటి ముడిని అరుగు మూలన తన కాలితో తొక్కిపట్టింది. అన్నయ్య రెండో ముడి పట్టుకుని గట్టు వెంట నడిచాడు. తాడు తిన్నగా సాగింది. రెండో ముడి నీళ్ళ వేళల బోర్డు దిమ్మకు తగిలింది. పక్కకు కాదు, దిమ్మ నడిమధ్యకు.

అందరం "ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకు" అని ఇంకోసారి చదివాం. విమలమ్మ గారు అరుగు మీంచే, "వాల్వు మీద కూకుని ఏళలు సెప్తందా ఏటి?" అంది.

ఇంజినీరు గారు అనుమతుల ఫైలు తెప్పించి చదివారు. మూడు గుంతలూ అయిపోయాయి కాబట్టి తవ్వడానికి వీల్లేదన్నారు. తర్వాత ఇంకాసేపు చదివి, "ఆయ్, రోడ్డు వాళ్ళదండి. దిమ్మ మనదేనండి. మన దిమ్మ మనం కొట్టుకోడానికి ఒకరి అనుమతి ఎందుకు?" అన్నారు. నాకు ఆయన మీద అంతవరకూ లేని గౌరవం కలిగింది.

దిమ్మ పగలడానికి పూట పట్టింది. దాని కింద తారు, తారు కింద మూత. కొత్త తాళం వేస్తే మీరు చెప్పినట్టే తాళం మెలి తిరిగింది గాని వాల్వు తిరగలేదు. అన్నయ్య, కన్నబాబు హార్బర్‌కు వెళ్ళి అప్పలసూరి గారిని అడిగితే, "యేసుదానం తాళం కొలత నాకు గుర్తే" అని రెండు రోజుల్లో అలాంటిదే కొట్టి ఇచ్చాడు. దాంతో తిరిగింది. మరునాడు ఉదయం ఆరుంపావుకు మన కొళాయి నుంచి ముందు గాలి వచ్చింది, తర్వాత తుప్పు, తర్వాత నీళ్ళు. చర్చి పక్క ఇంటి దాకా వచ్చాయి. ఎన్ని గంటల దాకా వస్తాయో చూద్దామంటే బోర్డు లేదు.

నిన్న పటం పూర్తయింది. పదమూడు వాల్వులకు అన్నయ్య టేపు కొలతలు రాశాడు. పద్నాలుగోదానికి కూడా రాసి, పక్కన నేను చిన్నగా "తాళం ఎత్తుకుని ఇరవై రెండు అంగలు" అని రాశాను. ఇంజినీరు గారు చదివి, "మీటర్లు ఉన్నాయి కదమ్మా. ఈ తాళం మాట ఎందుకండి, అదనం కదా?" అన్నారు.

"ఆ మాట తీస్తే వాల్వు దొరకదు సార్" అన్నాను.

ఆయన పటం వైపు, తర్వాత బయట విరిగిన దిమ్మ వైపు చూసి సంతకం పెట్టారు. అన్నయ్య కాగితాలు దాంతోపాటే పైకి వెళ్ళాయి. పై ఆఫీసు గుమాస్తా, పేరు జాబితాలో ఎక్కిందని కబురు చేశాడు. ఆర్డరు రావడానికి టైము పడుతుందట. ఐసు ఫ్యాక్టరీకి రానని అన్నయ్య వెళ్ళి చెప్పి వచ్చాడు.

ఈ నెల కాగితంలో ఇంతే రాశాను: "మెరక వీధిలో వాల్వు దొరికింది. నీళ్ళు వస్తున్నాయి. బోర్డు తీసేశాం." బరువు చాలలేదని ఇంజినీరు గారు అన్నారు. అలాగే ఉంచమన్నాను.

మిమ్మల్ని ఆ ప్రశ్న అడిగినందుకు క్షమించండి.

దేవకుమారి

తా.క. ఈ ఉత్తరంలోంచి ఏ మాటా తీయలేదు. అందుకే స్టాంపు ఎక్కువైంది.


సాలూరు,
2-6-82

అమ్మా దేవకుమారీ,

దీవెనలు. ఉత్తరం సదివి నాగమణికి కూడా వినిపించేను. బోర్డు కాడ నవ్వింది, గొడుగు కాడ నవ్వింది. నాను గొడుగు కాడ నవ్వలేదు. కన్నబాబు సేసిన పని సరైందే.

క్షమాపణ అక్కర్లేదు. నువ్వు అడక్కపోతే నాను నడిసి సూసేవోణ్ణి కాదు. నడవకపోతే నాకూ తెలిసేది కాదు. ఇరవై ఆరేళ్ళు నా అంగ అంతే అనుకున్నాను. సగం తాళానిదని ఇప్పుడు తెలిసింది.

అప్పలసూరి కొట్టిన కొత్తది నా ఎత్తుకి కొట్టుంటాడు. శేఖరం వొంగి తిప్పాల, నడుం పట్టేత్తాది. ఆణ్ణి కొలిమి కాడ నిలబెట్టి ఆడి ఎత్తుకి కొట్టించండి. దాన్ని ఎత్తుకుని పద్నాలుగు వాల్వుల కాడికీ ఒక నెల నడవమను. అంగలు లెక్కెట్టి రాసుకోమను. నా ఇరవై రెండు ఆడికి పనికిరాదు. ఎంతొచ్చిందో ఆణ్ణే రాయమను, ఆడి సేత్తోటి. నువ్వు దిద్దకు.

పాత తాళం ఇక్కడే ఉండనీ. పంపు షెడ్డు తలుపుకి గడియ లేదు. దాన్నే అడ్డం పెడతన్నాను.

మీ పెదనాన్న
యేసుదానం